ఉప్పును ఓర్చే తీగ ఇంటి పెరట్లో ఎందుకు చచ్చిపోయింది?

నెల్లూరు దగ్గర మైపాడు రోడ్డు మీద, సముద్రం హోరు వినబడే దూరంలో మా బావ ఇల్లు కట్టుకుని నాలుగేళ్లయింది. స్థలం నలభై అంకణాలు (మా నెల్లూరు కొలతలో అంకణం అంటే 72 చదరపు అడుగులు). ఇంటికి పోగా మిగిలిన పన్నెండు అంకణాల్లో తోట పెట్టాలని ఆయన కోరిక. అంతా ఇసుకే కదా అని ముందు ఆరు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించి జానెడు మందాన పరిపించాడు. గులాబీలు, మందారాలు, క్రోటన్లు నాటించాడు. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి గులాబీలు పోయాయి, క్రోటన్లు పోయాయి, ఆకుల అంచులు మాడిపోయిన మందారం ఒక్కటి మిగిలింది.

ప్రహరీ బయట మాత్రం, ఎవరూ చుక్క నీళ్లు పోయని ఇసుకలో, ఒక తీగ నేలంతా పాకి తెల్లారేసరికి వంద పువ్వులు పూస్తోంది. అది చూసి ఈయన పది ముక్కలు తెంపుకొచ్చి లోపల పాదుల్లో నాటి, డ్రిప్పు పైపు తగిలించాడు. మూడు నెలల్లో ఆకులు పసుపెక్కి, వేర్లు నల్లబడి అన్నీ చచ్చాయి. "ఏంది బావా ఇది? సముద్రం పక్కన చావంది నా ఇంట్లో చచ్చింది" అని ఫోన్ చేశాడు.

తీరం వెంట ఇళ్లు, రిసార్టులు, లేఅవుట్లు పెరుగుతున్న కొద్దీ ఈ ప్రశ్న చాలామందికి ఎదురవుతోంది. నర్సరీవాళ్లు "ఇది ఉప్పుకు తట్టుకుంటుంది సార్" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే ఏ ఉప్పుకు, ఏ నేలలో, ఎంతకాలం అన్న మూడు ప్రశ్నలు అందులో దాక్కుని ఉన్నాయి.

ఆ తీగ ఏది?

తెలుగులో దానికి చెవులపిల్లి తీగ అని పేరు. చెవులపిల్లి అంటే కుందేలు. ఆకు కొన దగ్గర మధ్యకు చీలి రెండు చెవుల్లా ఉంటుంది. బాలబంద తీగ అని కూడా అంటారు. శాస్త్రీయ నామం ఐపోమియా పెస్-కాప్రే. పెస్-కాప్రే అంటే లాటిన్‌లో మేకపాదం. మనవాళ్లకు ఆ చీలికలో కుందేలు చెవులు కనబడితే వాళ్లకు మేక గిట్ట కనబడింది.

మన వంటింటికి ఇది చుట్టమే. నెల్లూరువైపు గెనుసుగడ్డ అని పిలిచే చిలగడదుంప, చెరువుల్లో పెరిగే తూటికూర ఇదే ప్రజాతికి చెందినవి. పువ్వు గరాటు ఆకారంలో ఉంటుంది. గులాబీకి, వంకాయ రంగుకు నడిమి రంగు, గొంతు దగ్గర ముదురు. తెల్లవారుజామున విచ్చుకుని, ఎండ ముదిరే వేళకు కాగితం నలిపినట్టు ముడుచుకుపోతుంది. ఒక్కో పువ్వుది ఒక్క పూట జీవితం. జడలోకి పనికిరాదు, పూజకు తెంపేలోగా వాడుతుంది. మన ఊళ్లలో దీన్ని ఎవరూ పూలమొక్కగా లెక్కవేయకపోవడానికి అదో కారణం కావచ్చు.

"స్వదేశీ మొక్క" అన్న మాట గురించి ఇక్కడే చెప్పుకోవాలి. ఒక ప్రాంతానికి మనిషి చెయ్యి లేకుండా తనంతట తాను చేరి, అక్కడి గాలికీ నేలకూ అలవాటుపడిన మొక్కను ఆ ప్రాంతపు సహజ మొక్క అంటారు. చెవులపిల్లి తీగ ప్రపంచంలోని ఉష్ణమండల తీరాలన్నిటా ఉంది. దాని గింజలు ఉప్పునీటిలో తేలుతూ నెలల తరబడి మొలకశక్తి పోగొట్టుకోకుండా ప్రయాణం చేస్తాయి. అన్ని దేశాల్లోనూ ఉన్నా మన తీరానికి ఇది సొంతమే. మరోవైపు మన ప్రతి పెరట్లో కనబడే బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి మనుషులు తెచ్చింది. అదీ ఇసుకలో బాగా బతుకుతుంది, అయినా ఇక్కడిది కాదు. తట్టుకోవడం వేరు, సొంతం కావడం వేరు.

మూడు దారుల్లో వచ్చే ఉప్పు

తీరంలో మొక్కకు ఉప్పు మూడు దారుల్లో చేరుతుంది. సాధారణంగా అందరూ ఈ మూడింటినీ కలిపి "ఉప్పు గాలి" అనేస్తారు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

మొదటిది నిజంగానే గాలి ఉప్పు. అల విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలితో వచ్చి ఆకు మీద పడుతుంది, నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. దీని గుర్తు తేలిక. చెట్టుకు సముద్రం వైపున్న ఆకులు మాడతాయి, ఇంటి వైపువి పచ్చగా ఉంటాయి. నీటి అంచు నుంచి లోపలికి వచ్చేకొద్దీ ఈ బాధ త్వరగా తగ్గుతుంది.

రెండోది నేలలో అప్పటికే ఉన్న ఉప్పు. సముద్రం పక్కన ఉంది కాబట్టి ఇసుక దిబ్బ ఉప్పగా ఉంటుందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు ఉండదు. దిబ్బ పైభాగాన్ని ప్రతి వానా కడిగేస్తుంది, ఇసుకలో ఉప్పు పట్టుకుని నిలిచే జిగట లేదు. నిజమైన ఉప్పునేల చూడాలంటే దిబ్బ దాటి, వాగు మొగల దగ్గర, పాటు పోట్ల నీరు నిలిచే పల్లపు బంకనేలకు పోవాలి.

మూడోది నీటితో మనమే పోసే ఉప్పు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నా "మొక్కలకే కదా" అని పెట్టేస్తాం. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పోదు. ఇంటి తోటల్లో నేను చూసిన చావుల్లో ఎక్కువ వాటికి సముద్రం కారణం కాదు, ఈ బోరే.

ఉప్పు మొక్కను ఎలా బాధపెడుతుందో తెలియాలంటే ఆవకాయ రోజులు గుర్తుచేసుకోవాలి. మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపి పెడితే తెల్లారేసరికి నీరు ఊరుతుంది. ఉప్పు బయట ఎక్కువైతే ముక్కలోని నీటిని లాగేస్తుంది. వేరు చుట్టూ ఉప్పు పెరిగితే వేరుకు నీరు లాగడం అంతే కష్టమవుతుంది. నేల తడిగా ఉన్నా మొక్క దాహంతో వాడుతుంది. ఇది మొదటి దెబ్బ. రెండోది నెమ్మదిగా వచ్చే విషం. సోడియం, క్లోరైడు నీటితో పాటు ఆకుల్లోకి చేరి పేరుకుంటాయి. ముందు పాత ఆకుల అంచులు మాడతాయి. బావ వాళ్ల మందారం ఆకుల అంచులన్నీ ఒకే తీరుగా, ఏ దిక్కుకైనా ఒకేలా మాడి ఉన్నాయి. గాలి ఉప్పు పని అయితే ఒక పక్కే మాడేది.

ఒక్క అంకణానికి ఎంత ఉప్పు పోస్తున్నాం?

నీటిలో ఉప్పు కొలవడానికి విద్యుత్తు ఎంత బాగా పారుతుందో చూస్తారు. ల్యాబు కాగితంలో ఈసీ అని రాసేది అదే, కొలమానం డెసీసైమన్ పర్ మీటర్. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మార్గదర్శకాల ప్రకారం సాగునీటి ఈసీ 0.7 లోపు ఉంటే చింత లేదు, 0.7 నుంచి 3 వరకు ఉంటే జాగ్రత్త కావాలి, 3 దాటితే తీవ్రమైన ఇబ్బంది. సముద్రపు నీరు 50కి పైనే. బావ బోరు నీళ్లకు ల్యాబులో 4 వచ్చింది.

ఇంతలో ఆయన ఆన్‌లైన్లో పెన్నులాంటి టీడీఎస్ మీటరు (లీటరు నీటిలో కరిగిన ఉప్పులెన్ని మిల్లీగ్రాములో చూపేది) కొన్నాడు. అది 2000 చూపించింది. ల్యాబు లెక్కన చూస్తే 2560 రావాలి. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. మీటరు కూడా కొలిచేది విద్యుత్తునే. దాన్ని ఉప్పు బరువుగా మార్చేటప్పుడు కొన్ని మీటర్లు ఈసీ ఒక్కంటికి 500 మిల్లీగ్రాములని లెక్కవేస్తాయి, వ్యవసాయ ల్యాబుల్లో 640 వాడటం రివాజు. అందుకే ఇద్దరు పోల్చుకునేటప్పుడు టీడీఎస్ అంకెలు కాకుండా ఈసీ అంకెలు పోల్చుకోవాలి.

ఇప్పుడు అసలు లెక్క. ఈసీ 4 అంటే లీటరుకు 2.56 గ్రాముల ఉప్పు. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే దాదాపు 6.7 చదరపు మీటర్లు. ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు అయిదు లీటర్ల చొప్పున పోస్తే అంకణానికి 33 లీటర్లు, అటూ ఇటూగా మూడు బిందెలు. అందులో ఉప్పు 85 గ్రాములు. ఏప్రిల్, మే రెండు నెలలు కలిపి అరవై రోజులకు అయిదు కిలోలు పైచిలుకు. పన్నెండు అంకణాలకు అరవై కిలోలు. ఎవరైనా తోటలో బస్తా ఉప్పు చల్లమంటే మనం చల్లుతామా? డ్రిప్పు పైపుతో చల్లితే కనబడదు, అంతే తేడా.

మరి ఇసుకలో పోసినా అంతే ఉప్పు పడుతుంది కదా, అక్కడ ఎందుకు చంపడం లేదు?

జానెడు ఎర్రమట్టి చేసిన పని

ఈ కథలో నాకు ఆసక్తిగా అనిపించింది ఇదే. ఇసుకలో నీరు ఆగదు. అడుగు మందం ఇసుక, చదరపు మీటరుకు మొక్క వాడుకోగల నీరు పట్టుకునేది పదిహేను ఇరవై లీటర్లే. మే నెల ఎండకు మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది. మనం ఇసుకకు పెట్టే పెద్ద వంక ఇదే. కానీ ఆ జారుడుతనమే ఉప్పు విషయంలో వరం. కొంచెం ఎక్కువ నీరు పోస్తే చాలు, ఉప్పును వెంటబెట్టుకుని కిందికి దిగిపోతుంది.

ఇసుక మీద జానెడు ఎర్రమట్టి పరిస్తే ఏమవుతుంది? మట్టి రంధ్రాలు సన్నవి, కింద ఇసుక రంధ్రాలు పెద్దవి. సన్న రంధ్రం నీటిని గట్టిగా పట్టుకుంటుంది, పెద్ద రంధ్రంలోకి వదలదు. మట్టి పూర్తిగా నానిపోయి నీరు బరువెక్కితే తప్ప కిందికి చుక్క దిగదు. తడి బట్టను జల్లెడ మీద ఆరేసినట్టే: కింద అంతా ఖాళీగా కన్నాలే ఉన్నా బట్ట తడి బట్టలోనే ఉంటుంది. కింద ఇసుక ఉంది కాబట్టి నీరు బాగా ఇంకుతుందన్న బావ నమ్మకం ఇక్కడే తలకిందులైంది. ఆ జానెడు మట్టి ఒక పళ్లెంలా పనిచేసింది. రోజూ కొద్దికొద్దిగా డ్రిప్పుతో ఉప్పునీరు పోయడం, పైనుంచి ఎండకు ఆవిరైపోవడం, ఉప్పు అక్కడే మిగలడం. ఉప్పు కొటార్లలో చేసే పని కూడా ఇదే, వాళ్లు కావాలని చేస్తారు.

దీనికి తోడు, ఎవరో చెప్పారని రెండు బస్తాల జిప్సం వేయించాడు. చౌడుకు జిప్సం అని మనవాళ్లు అంటుంటారు. నిజమే, కానీ చౌడులో రెండు రకాలున్నాయి. పైన తెల్లగా ఉప్పు పేరుకునేది పాలచౌడు. సోడియం బంకమట్టి రేణువులకు అంటుకుని నేల బిగిసి, నీరు ఇంకని స్థితికి చేరితే కారుచౌడు. జిప్సం కారుచౌడుకు మందు. అందులోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది. పాలచౌడుకు కావాల్సింది మంచినీటి కడుగుడు, ఆ కడిగిన నీరు పోవడానికి దారి. వట్టి ఇసుకలోనైతే బంకే లేదు, సోడియం దేనికి అంటుకుంటుంది? జిప్సం డబ్బులు ఇసుకలో పోసినట్టే.

మొక్కలు ఉప్పును ఓర్చే దారులు

ఉప్పును ఓర్చే మొక్కలన్నీ ఒకేలా ఓర్చవు. కొన్ని వేరు దగ్గరే వడగట్టి లోపలికి రానివ్వవు. మొగల్లో పెరిగే కొన్ని మడచెట్లు లోపలికి వచ్చిన ఉప్పును ఆకు మీది గ్రంథుల గుండా బయటికి తోసేస్తాయి, ఆకును నాకితే ఉప్పగా ఉంటుంది. కొన్ని ఆకులను ఉబ్బించుకుని, నీరు నింపుకుని, ఉప్పును పలచన చేసుకుంటాయి.

ఈ చివరి రకానికి మన తీరంలో మంచి ఉదాహరణ వంగరెడ్డి కూర. ఉప్పునేలల్లో ఎర్రటి కాడలతో, లావుపాటి ఆకులతో, చిన్న గులాబీ నక్షత్రాల్లాంటి పూలతో నేలబారుగా పాకుతుంది. దీనికి కొంత ఉప్పుంటేనే ఏపు. కూర వండుకుంటారు కూడా, ఉప్పు వేయకుండా.

చెవులపిల్లి తీగ దారి వేరు. దాని ఆకు దళసరి, పైన మైనపు పొర. తుంపర పడినా లోపలికి దిగదు. అది గాలి ఉప్పుకు కవచం. ప్రధాన వేరు లోతుకు దిగి ఇసుక అడుగున ఉన్న తడిని అందుకుంటుంది. కాడ నేల మీద పాకుతూ కణుపు కణుపుకూ వేరు వేస్తుంది. గాలికి ఇసుక వచ్చి కప్పేస్తే మామూలు మొక్క చస్తుంది, ఇది ఆ ఇసుకలోంచే కొత్త వేర్లు వేసి మళ్లీ పైకి లేస్తుంది. అప్పుడప్పుడు ఉప్పునీరు తగిలినా ఓర్చుకుంటుంది. కానీ వేరు చుట్టూ గాలి ఆడకుండా రోజూ ఉప్పునీరు నిలిచి ఉండటం దాని సహజ జీవితంలో లేదు. వంగరెడ్డి కూరను బావ పాదుల్లో పెట్టి ఉంటే బతికేదేమో. చెవులపిల్లి తీగను వంగరెడ్డి కూర ఉండే పల్లపు బంకనేలలో పెడితే బతకదు. రెంటినీ నర్సరీలో ఒకే మాటతో అమ్ముతారు.

మళ్లీ బావ పెరడు దగ్గరికి వస్తే, పసుపెక్కిన ఆకులు, నల్లబడిన వేర్లు ఉప్పు గుర్తులు మాత్రమే కావు. వేరుకు ఊపిరాడక పోయిన గుర్తులు. ఉప్పు సగం చంపితే, తడి సగం చంపింది.

ఇసుక కింద తేలే మంచినీళ్లు

"మరి బయట ఎవరూ నీళ్లు పోయకుండా ఎలా బతుకుతోంది?" అని ఆయన రెండో ప్రశ్న. దీనికి జవాబు మన పెద్దలకు బాగా తెలుసు. ప్రకాశం, నెల్లూరు తీరపు ఇసుక పొలాల్లో దొరువులు తవ్వేవాళ్లు. దొరువు అంటే లోతులేని, వెడల్పాటి నీటి గుంట. మనిషి లోతు తవ్వితే చాలు, తియ్యటి నీరు ఊరుతుంది. రెండు చేతుల్లో రెండు కుండలు పట్టుకుని మెట్లు దిగి, ముంచుకుని, నారుమళ్లకు, సరుగుడు మొక్కలకు పోసేవాళ్లు. అదే చోట లోతుగా బోరు వేస్తే ఉప్పునీరు వస్తుంది.

వాన నీరు సముద్రపు నీటికంటే తేలిక. ఇసుకలో ఇంకిన వాన నీరు, అడుగునున్న ఉప్పునీటి మీద ఒక పొరగా తేలుతుంది. ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు ఇంజినీర్ల పేరుతో దీనికో సూత్రం ఉంది. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఉంటే, కింద దాదాపు నలభై మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి బాగుంది. తిరగేసి చూస్తే భయమేస్తుంది: తోడేసి నీటిమట్టాన్ని జానెడు దించితే, కింది ఉప్పునీరు కాలక్రమాన తొమ్మిది మీటర్లు పైకి రాగలదు. ఇది సిద్ధాంతపు లెక్క, నేల పొరలను బట్టి మారుతుంది. అయినా అరవై అడుగుల బోరు ఎందుకు ఉప్పగా మారిందో, దొరువు ఎందుకు తియ్యగా ఉండేదో ఇది చెబుతుంది. దొరువు పైపొరను మీగడ తీసినట్టు తీస్తుంది, బోరు అడుగు నుంచి గుంజుతుంది. బాపట్లలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం ఈ దొరువు పద్ధతినే మెరుగుపరిచి, ఇసుకలో అడ్డంగా పైపులు వేసి పైపొర నీటిని ఒక బావిలోకి చేర్చే ఏర్పాటు రూపొందించింది.

బోర్లు ఉప్పెక్కడానికి కారణం రొయ్యల గుంటలని ఊళ్లో చాలామంది అంటారు. గుంటల వాళ్లు, కాదు, అందరూ మోటార్లు పెట్టి తోడటం వల్లే అంటారు. రెండూ జరిగే పనులే. గుంటలోని ఉప్పునీరు పక్క ఇసుకలోకి ఊరుతుంది, విచ్చలవిడిగా తోడితే సముద్రం లోపలికి జరుగుతుంది. ఏ ఊళ్లో ఏది ఎంత అన్నది అక్కడి బావుల నీళ్లు ఏళ్ల తరబడి కొలిస్తే తప్ప తేలదు. తుఫానుకు ఉప్పెన నీరు లోపలికి వచ్చి నిలిచినా కొంతకాలం అదే గతి.

చెవులపిల్లి తీగ తాగేది ఈ తేలే మంచినీటిని, దిబ్బలో మిగిలిన వాన తడిని. నెల్లూరు తీరానికి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఆ మూడు నెలలు ఇసుకను కడిగి, దొరువు నింపి పోతాయి. తీగ లెక్కంతా ఆ మూడు నెలల మీద నడుస్తుంది.

రెండోసారి నాటినప్పుడు

ఈసారి బావ ఒక మూల మూడు అంకణాల్లో ఎర్రమట్టి ఎత్తించేశాడు. కింద ఇసుక తేలేదాకా. ఆ మట్టి ఎత్తడానికి అయిన కూలి, మొదట తోలించిన ఖర్చుకంటే ఎక్కువ. ఆ మాట మా అక్క ఇప్పటికీ గుర్తుచేస్తుంటుంది.

అక్టోబరు వానల ముందు రెండు రకాలుగా పెట్టాడు. కొన్ని గింజలు, కొన్ని ముక్కలు. కాయలో నాలుగు గింజలుంటాయి, నూగుతో గోధుమ రంగులో, శనగ గింజంత. సముద్రంలో నెలలు తేలే గింజ కాబట్టి పైపొర రాయిలాంటిది, అలాగే పాతితే నెలలు కదలదు. గింజను సిమెంటు గట్టు మీద ఒక పక్క రుద్ది లోపలి లేతరంగు కనబడ్డాక రాత్రంతా నానబెట్టాడు. పొద్దునకు కొన్ని రెట్టింపు ఉబ్బాయి, కొన్ని అలాగే ఉన్నాయి. ఉబ్బినవి వారంలో మొలిచాయి. ఉబ్బనివాటిని మళ్లీ రుద్దాల్సి వచ్చింది. ముక్కల సంగతి తేలిక. రెండు మూడు కణుపులున్న కాడను పడుకోబెట్టి, కణుపుల మీద ఇసుక కప్పి, కొన ఆకులు బయటికి వదిలేస్తే వానకు వేళ్లూనుతుంది. పన్నెండు ముక్కల్లో తొమ్మిది పట్టాయి.

తెచ్చిన ముక్కలు ఎక్కడివి అన్నది చిన్న ప్రశ్న కాదు. పాలెంలో ఒక అవ్వ, దారికి అడ్డంగా పాకిన తీగను కొడవలితో కోస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. దిబ్బ మీద పెరిగేదాన్ని పీకలేదు. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల్లో ఇసుక దిబ్బలు అత్యంత సున్నితమైన శ్రేణిలో ఉన్నాయి. కదిలే దిబ్బలను చదును చేయడం, మార్చడం నిషేధం. ఒక కాడ తెంపితే ఎవరూ కేసు పెట్టరనుకోండి. కానీ తీగలో మొదలంటా పీకే ముక్కే ఆ చోట ఇసుకను పట్టి ఉంచుతోందని గుర్తుంటే చెయ్యి రాదు.

ఎండాకాలం మొదటి ఏడు ఆయన పది రోజులకోసారి బోరు నీళ్లే పోశాడు, అయితే డ్రిప్పు తీసేసి, పోసినప్పుడు బిందెల కొద్దీ. కొంచెం కొంచెం రోజూ పోస్తే ఉప్పు పైన మిగులుతుంది, ఎడం ఇచ్చి బాగా పోస్తే కిందికి దిగుతుంది. ఇసుకలో మాత్రమే చెల్లే సూత్రమిది.

తీగ పక్కన సరుగుడు, సరుగుడు పక్కన తగువు

ఇంత చెప్పాక ఒక పెద్ద వాదన మిగులుతుంది. తీరాన్ని కాపాడేది ఈ తీగలా, సరుగుడు తోపులా?

సరుగుడు మన చెట్టు కాదు, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చింది. అయితే వచ్చి వందేళ్లు దాటింది. ఉప్పు గాలిని ఓర్చుతుంది, వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల వల్ల గాలిలోని నత్రజనిని వాడుకుంటుంది, నాలుగైదేళ్లకు కర్ర చేతికొస్తుంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తీరం వెంట రక్షణ వనాలుగా విరివిగా నాటింది దీన్నే. గాలి వేగాన్ని తగ్గిస్తుందన్నదీ, పేద రైతుకు ఆదాయమన్నదీ కాదనలేనివి. ఇసుక పొలంలో దీనంత నమ్మకంగా డబ్బిచ్చే పంటలు ఎన్నో లేవు.

ఎదుటి వాదం ఇదీ: సరుగుడు రాల్చిన సూదులు కింద మందంగా పరుచుకుంటే చిన్న మొక్క మొలవదు. నీటి అంచుదాకా తోపు పెంచితే తీగలకు, రావణాసురుడి మీసాలకు చోటు ఉండదు. రావణాసురుడి మీసాలంటే దిబ్బల మీది ముళ్ల గడ్డి. దాని కంకులు పెద్ద ముళ్ల బంతుల్లా ఊడి గాలికి తీరం వెంట దొర్లుతుంటే పిల్లలు వెంటబడి పరుగెత్తుతారు, పట్టుకోబోతే గుచ్చుకుంటాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏడాది మొదటి నెలల్లో మన ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టేది ఈ తీగల ముందరి బహిరంగ ఇసుకలో. ఆ ఇసుక అలా పోగుపడి నిలవడానికి కారణం తీగలు, గడ్డీ. తోపు ఆ అంచుకు జరిగితే తాబేలుకు చోటు తగ్గుతుంది.

ఇద్దరు చెప్పేదీ ఒకే స్థలం గురించి కాదని నాకనిపిస్తుంది. అలల అంచు నుంచి మొదటి దిబ్బ దాకా తీగది, ఆ వెనక సరుగుడుది, జీడిమామిడిది, తాటిది. తగువంతా ఆ మొదటి దిబ్బ దగ్గరే. అక్కడ మాత్రం నేను తీగ పక్షమే.

తీగ గురించి అతిగా చెప్పడం కూడా వద్దు. అది గాలికి ఎగిరే ఇసుకను పట్టి దిబ్బ కడుతుంది. తుఫాను అలను ఆపదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి తుఫాను కెరటం దిబ్బను కోసుకుపోతే తీగ కూడా దాంతోపాటే పోతుంది. తర్వాత తెగిన కాడల ముక్కలు ఇసుకలో కూరుకుని మళ్లీ వేరు వేస్తాయి. దిబ్బ మళ్లీ పోగుపడటం అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇంట్లో పెంచుకోవడంలో ఉన్న చిక్కు

బావకు రెండో ఏడు కొత్త సమస్య వచ్చింది. తీగ మూడు అంకణాల్లో ఆగలేదు. సహజ మొక్క కదా అని అణకువగా ఉంటుందనుకోవడం మన పొరపాటు. ఖాళీ ఇసుకలో మీటర్ల కొద్దీ పాకడానికి పుట్టింది అది. పక్కనున్న బిళ్ళగన్నేరు మీదికెక్కింది, మిగిలిన మందారం మొదలు చుట్టేసింది, సిమెంటు బాట దాటి మోటారు గది మెట్ల దాకా పోయింది. నెలకోసారి కోయాల్సి వస్తోంది. నాలుగైదు అంకణాల పెరడున్నవాళ్లకు ఇది ఇరుకే. తొట్టిలో పెట్టినవాళ్లనూ చూశాను, ఆకులొస్తాయి, పువ్వులు పెద్దగా రావు.

పూత ఎండాకాలంలో బోరు నీళ్లు పోసినప్పుడు తగ్గింది. ఆ ఏప్రిల్‌లో మూల ఇసుక తీసి ల్యాబుకు పంపితే ఈసీ 1.8. అదే రోజు, ఇంకా ఎర్రమట్టి ఉన్న పాదులోది 9.2. నేల ఈసీ 4 దాటితే ఉప్పునేలగా లెక్కవేస్తారు. రెండింటికీ నీళ్లు ఒకే బోరువి, మధ్య దూరం అయిదు అడుగులు.

మొన్న పొద్దున్నే వెళ్లినప్పుడు ఆరున్నరకు లెక్కపెట్టాను, ముప్పై నాలుగు పువ్వులు. గొంతులోకి దూరిన నల్ల తుమ్మెద బరువుకు ఒక పువ్వు నేలకు వంగింది. పదకొండింటికి కాఫీ తాగి బయటికొస్తే ఒక్కటీ విచ్చుకుని లేదు. బావ మిగిలిన తొమ్మిది అంకణాల ఎర్రమట్టి ఎత్తడానికి ట్రాక్టరు అతనితో ఫోన్‌లో బేరమాడుతున్నాడు. మా అక్క వంటింట్లోంచి వింటోంది.